ఫ్లోరైడ్ నీళ్ళు, పిల్లల పళ్ళు, ఏడేళ్ళ ఎదురుచూపు: పడమటి ప్రకాశంలో ఒక ట్రస్ట్ కేస్ స్టడీ

నేను పిల్లల పళ్ళ డాక్టర్ని. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొదిలి, కనిగిరి, దర్శి వైపు ఊళ్ళల్లో పిల్లల ఆరోగ్యం మీద పనిచేసే ఒక చిన్న ట్రస్ట్‌తో చాలా కాలంగా ఉన్నాను, అందులో నాది ఫ్లోరోసిస్ పని, అంటే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు మీద. వేరే జిల్లాల్లో ఇలాంటిదే మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఫోన్ చేసి ఎలా చేశారు, దేనికి ఖర్చు పెట్టారు, రిజల్ట్ ఎలా చూపించారు అని అడుగుతుంటారు, ఒక్కొక్కళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం కేసు ఒక్కచోట పెడితే పనికొస్తుందని రాస్తున్నా. ట్రస్ట్ పేరు, ఊళ్ళ పేర్లు, పిల్లల పేర్లు వెయ్యట్లేదు, ఆడపిల్లల పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళే విషయం ఇది.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. శాశ్వత దంతాల మీద ఎనామిల్, అంటే పంటి పైన ఉండే గట్టి పొర, తయారయ్యేది పుట్టిన దగ్గర్నుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు, పైన ముందు రెండు పళ్ళకైతే రెండో ఏడు, మూడో ఏడు సగం దాకా మరీ కీలకం. ఆ పళ్ళు చిగురులోంచి బయటికొచ్చేది మాత్రం ఏడేళ్ళ వయసులో. అంటే ఇవాళ ఒక ఊరికి మంచి నీళ్ళు ఇస్తే ఆ పని ఫలించిందా లేదా అన్నది, ఈ ఏడాది పుట్టిన బిడ్డ రెండో తరగతికొచ్చి నోరు తెరిచి చూపిస్తే గాని తెలియదు. డబ్బులిచ్చేవాళ్ళేమో మార్చి 31కల్లా రిపోర్ట్ కావాలంటారు. మా ట్రస్ట్ ఏ పని పట్టుకుంది, ఏది వదిలేసింది అని వెనక్కి చూస్తే ప్రతి మలుపు దగ్గరా ఈ ఏడేళ్ళ లెక్కే అడ్డమొస్తుంది.

ఈ ప్రాంతం చరిత్ర కొంచెం తెలియాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే జబ్బుని మొదట గుర్తించి రాసింది ఇక్కడే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే డాక్టర్లు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ రోగుల గురించి రాశారు, వెన్ను బిగుసుకుపోయి, కీళ్ళు వంగక, నడవలేకపోయిన మనుషుల గురించి. పుస్తకాల్లో "నెల్లూరు జిల్లా" అని ఉంటుంది, ఎందుకంటే దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. డాక్టర్ల కంటే ముందు దీన్ని గమనించింది రైతులే అంటారు, దుక్కిటెద్దులు వయసులో ఉండగానే కాళ్ళు బిగుసుకుపోయి కాడి లాగలేకపోతుంటే ఎందుకో అర్థంకాక కొత్త ఎద్దుల్ని కొనుక్కునేవాళ్ళట.

నేల కింద గ్రానైట్ జాతి రాయి, అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు, వానలు తక్కువ, బోర్లు లోతు. ఇక్కడ జనాన్ని మోసం చేసేదేంటంటే ఫ్లోరైడ్‌కి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పైగా కాల్షియం తక్కువ ఉన్న నీళ్ళల్లోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగుంటుంది, అలాంటి నీళ్ళల్లో పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగొస్తుంది, నోటికి తియ్యగా ఉంటాయి. ఊళ్ళో అందరూ మెచ్చుకునే బోరే ఒక్కోసారి అన్నిటికంటే ప్రమాదకరమైన బోరు అయ్యుంటుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్లేదు.

ట్రస్ట్ మాత్రం ఫ్లోరైడ్ కోసం పుట్టలేదు. కొంతమంది డాక్టర్లు, రిటైరైన టీచర్లు కలిసి పోలియో వచ్చిన పిల్లల కోసం పెట్టుకున్నది, క్యాలిపర్లు (కాలికి ఊతంగా కట్టే పట్టీలు) ఇప్పించడం, ఆపరేషన్ క్యాంపులకి తీసుకెళ్ళడం, బస్ పాసు, సర్టిఫికెట్ పనులు చూడటం, ఇవే ఉండేవి. 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక ఏడాదికేడాది కొత్త కేసులు తగ్గుతూ వచ్చాయి, దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో పోయిందని సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇక్కడ క్యాంపులకి కాళ్ళ సమస్యతో వచ్చే పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. పోలియో కాలు సన్నబడి, కండ పోయి, వేలాడుతున్నట్టు ఉంటుంది, ఎక్కువగా ఒక పక్కే. వీళ్ళకి కండ బాగానే ఉంది, రెండు కాళ్ళూ వంగిపోయాయి, కొందరికి నిలబడితే మోకాళ్ళు రెండూ రాసుకుంటున్నాయి, కొందరికి దొడ్డికాళ్ళు. నోరు తెరిస్తే గోధుమరంగు గార. 1970ల్లోనే హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) సైంటిస్టులు ఇలా మోకాళ్ళు లోపలికి వంగడాన్ని ఫ్లోరైడ్ ఊళ్ళల్లో చూసి రాశారు, కాల్షియం తక్కువ తినే పేద పిల్లల్లో ఎముక ఇంకా పాడవుతుంది.

అలా ట్రస్ట్ ఫ్లోరోసిస్ వైపు తిరిగింది. ముందు చేసింది ఎముకలకి ఆపరేషన్ చేయించడం, వంగిన ఎముకని కోసి సరిచేసి కట్టు వెయ్యడం. ఫోటోలో చూడటానికి ఇంతకంటే మంచి పని ఉండదు, ముందు ఫోటో, తర్వాత ఫోటో పక్కపక్కన పెడితే ఎవరైనా చెక్కు రాసిస్తారు. ఐతే ఎదిగే పిల్లని కట్టు విప్పాక మళ్ళీ అదే ఊరికి, అదే బోరు దగ్గరికి పంపిస్తే ఎముక మళ్ళీ వంగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టర్లే ఈ మాట ట్రస్ట్ మీటింగుల్లో గట్టిగా చెప్పారు, మేం కాళ్ళు సరిచేస్తాం, నీళ్ళు మీరు చూడండి అని.

పళ్ళ సంగతికొస్తే నాకు కోపం కూడా వస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తా. ఆరో తరగతి పిల్ల ఒకమ్మాయి క్యాంపుకొచ్చింది, ముందు పళ్ళ మీద ఎనామిల్ అరిగి గుంటలు పడి, చల్లనీళ్ళు తగిలితే జిల్లుమంటున్నాయి. ఏం పెట్టి తోముతున్నావమ్మా అంటే బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి. ఎందుకంటే బళ్ళో పళ్ళు తోముకుని రాలేదని రోజూ నిలబెడుతున్నారట. ఆ గార పైన పట్టింది కాదు, ఎనామిల్ తయారయ్యేటప్పుడే లోపల పడిపోయిన లోపం, ఎంత రుద్దినా పోదు, రుద్దేకొద్దీ ఉన్న ఎనామిల్ పోతుంది. ఆ తర్వాత నుంచి ఏ బడికెళ్ళినా పిల్లల్ని చూసేముందు టీచర్లతో అరగంట మాట్లాడటం మా పద్ధతిలో భాగం చేశాం. రూపాయి ఖర్చు లేని పని, అయినా మా పనులన్నిట్లో నేను చాలా పైన పెడతాను దీన్ని. మరకలు పైపైన ఉన్నవాళ్ళకి ఆసిడ్ జెల్, ప్యూమిస్ పొడితో పలచగా రుద్ది తీస్తాం, గుంటలు పడ్డవాళ్ళకి పంటి రంగు కాంపోజిట్ వేస్తాం, ఎక్కువగా టెన్త్, ఇంటర్ ఆడపిల్లలే వస్తారు. ఇదంతా అవసరమే గాని వచ్చిన జబ్బుకి అతుకు వెయ్యడమే.

నీళ్ళ పని మొదట నల్గొండ టెక్నిక్ బకెట్లతో మొదలైంది. నాగ్‌పూర్ నీరి సంస్థ తయారుచేసిన పద్ధతి అది, పటిక, సున్నం, బ్లీచింగ్ కొలత ప్రకారం వేసి కలిపి, గంటసేపు తేర్చి, అడుగు నుంచి కొంచెం పైకి పెట్టిన ట్యాప్‌లోంచి నీళ్ళు పట్టుకోవాలి. చవక, కరెంటు అక్కర్లేదు. కష్టం ఎక్కడంటే బోరుకో కొలత, అడుగున దిగిన మడ్డిని రోజూ పారబొయ్యాలి, కూలికెళ్ళే ఇల్లాలికి తెల్లారుజామున ఈ పని ఇంకోటి. మూణ్ణెల్లకి బకెట్లు చాలా ఇళ్ళల్లో బియ్యం డబ్బాలయ్యాయి. వాళ్ళని తప్పు పట్టలేం.

తర్వాత ఆర్వో కాలం వచ్చింది, మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా నీళ్ళని నెట్టి శుద్ధి చేసే ప్లాంట్లు. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి, పెట్టాలన్నారు, అదే ఏడాది అక్టోబర్ 2న ప్రభుత్వం 2 రూపాయలకి 20 లీటర్లు అని ఎన్టీఆర్ సుజల మొదలుపెట్టింది, ప్రైవేటు ప్లాంట్లు కూడా ఊరూరా వచ్చాయి. మా ట్రస్ట్‌కీ డబ్బులు ఇటే వచ్చాయి. ప్లాంట్ అంటే కంటికి కనిపిస్తుంది, రిబ్బన్ కట్ చెయ్యొచ్చు, బోర్డు మీద పేరుంటుంది. నేను ఆర్వోకి వ్యతిరేకిని కాను, ఫ్లోరైడ్‌ని బాగా తీసేస్తుంది. కాకపోతే సగానికి సగం నీళ్ళు వేస్టుగా బయటికి పోతాయి, ఆ వేస్టులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, అది కాలవలోకి వదిలితే గేదెలు తాగుతాయి, మళ్ళీ నేలలోకే దిగుతుంది. మెంబ్రేన్ మార్చే డబ్బు ఎవరిదో ముందే రాసుకోని చోట్ల ప్లాంట్లు ఆగిపోయాయి.

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఒక బడి వంటగదిలో జరిగింది. ఆ బడికి ట్రస్ట్ రోజూ క్యాన్లు పంపేది, పిల్లలందరూ ప్లాంటు నీళ్ళే తాగుతున్నారు. మూత్రం పరీక్షల్లో మాత్రం ఫ్లోరైడ్ మేం అనుకున్నంత దిగట్లేదు. ఒకరోజు టెస్ట్ కిట్ తీసుకుని కూర్చున్నాం. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన రంగు ద్రావణం అది, నీళ్ళల్లో ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు అలాగే ఉంటుంది, పెరిగేకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. ఏడో తరగతి పిల్లలే చేశారు. క్యాను నీళ్ళు గులాబీ. బడి బోరు పసుపు. ఒక పిల్లాడు తనంతట తనే లేచి వెళ్ళి వంటగదిలో ఎసరు గిన్నెలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ట్యూబులో పోశాడు, అదీ పసుపే. వంట చేసే అక్క బయటికొచ్చి చూసి, "కాగిన నీళ్ళే కదా మేడం, మరిగితే చావదా?" అంది. "ఇది పురుగు కాదక్కా, నీళ్ళల్లో కరిగున్న లవణం, నీళ్ళు ఆవిరైపోతాయి గాని అది గిన్నెలోనే ఉండుద్ది" అంటే ఆమె కాసేపు ఆ ట్యూబు వంక చూసి, "మరి నాకెవరూ చెప్పలేదే" అంది. నిజమే, ఎవరూ చెప్పలేదు, క్యాను తాగడానికే అనుకున్నారంతా.

లెక్క వేసి చూడండి. లీటరుకి 4 మిల్లీగ్రాములున్న బోరు అనుకుందాం. తాగే లీటరు నీళ్ళు మార్చేస్తే 4 మిల్లీగ్రాములు తప్పినట్టే. ఐతే అన్నం, పప్పు, పులుసు, టీ, వీటన్నిటి ద్వారా ఇంకో అర లీటరు అవే నీళ్ళు లోపలికి పోతే 2 మిల్లీగ్రాములు అలాగే ఉన్నాయి, 15 కిలోల పిల్లాడికి అది చాలా ఎక్కువ. ఇళ్ళల్లో కూడా ఇంతే. క్యాను తాగడానికి, వంటకి బోరు, ఎందుకంటే వంటకి కూడా క్యాన్లంటే ఖర్చు రెట్టింపు.

అప్పట్నుంచి ట్రస్ట్ కొత్త ప్లాంట్లు పెట్టడం తగ్గించి ఊళ్ళో ఉన్న ప్రతి బోరు, ప్రతి చేతిపంపు, ప్రతి బావి పరీక్ష చెయ్యడం మొదలుపెట్టింది. ఫ్లోరైడ్ ఊరంతా ఒకేలా ఉండదు, ఒక బజారులో బోరు విషం లాగా ఉంటే రెండు బజార్ల అవతల చేతిపంపు బాగుండొచ్చు, కింద రాయి, లోతు, పగుళ్ళని బట్టి మారిపోతుంది. బాగున్నవాటికి నీలం రంగు, బాగోనివాటికి ఎరుపు. నీలం పంపు దొరికిన ఊళ్ళో వంట నీళ్ళు అక్కడినుంచే తెచ్చుకోమన్నాం, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం సమస్య తీరింది. దొరకని ఊళ్ళల్లో అంగన్‌వాడీకి, బడి వంటకి, గర్భిణులు, మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకి మాత్రం వంట క్యాను ట్రస్ట్ ఖర్చుతో. ఊరందరికీ ఇవ్వలేనప్పుడు ఎనామిల్ తయారయ్యే వయసు వాళ్ళకి ముందు ఇవ్వాలి, ఈ నిర్ణయం మీద ఊళ్ళో గొడవలయ్యాయి, పెద్దవాళ్ళ కీళ్ళ నొప్పులు మీకు కనపడవా అని ముసలాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చేతిలో ఉన్న క్యాన్లు అన్నే, అందుకని చిన్నపిల్లల వైపే నిలబడ్డాం. వానలకి ముందు, తర్వాత నీళ్ళు మారతాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు మళ్ళీ పరీక్ష, రంగు మళ్ళీ వెయ్యాలి.

తిండి గురించి ఆశా కార్యకర్తలతో చెప్పించేది కొద్దిగానే, ఎక్కువ చెప్తే ఎవరికీ గుర్తుండదు. మొదటిది తల్లిపాలు. తల్లి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా పాలల్లోకి వచ్చేది చాలా చాలా తక్కువ, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇస్తే ఆ బిడ్డకి అదే పెద్ద రక్షణ, డబ్బా పాలు బోరు నీళ్ళల్లో కలిపితే అంతా తారుమారవుతుంది. తర్వాత పాలు, గుడ్డు, రాగిజావ, మునగాకు, కాల్షియం ఉంటే పేగుల్లోనే ఫ్లోరైడ్‌ని కొంత పట్టేస్తుంది. ఉసిరి, జామ, నిమ్మ. చిన్నపిల్లలకి టీ వద్దు, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, నల్ల ఉప్పు కూడా వద్దు. చింతపండు గురించి అందరూ అడుగుతారు. 2002లో ఎన్‌ఐఎన్ వాళ్ళు బడి మగపిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మంచి విషయమే, మన పులుసులు మనకి మేలే చేస్తాయి, కాకపోతే ఆ పులుసు పసుపు ట్యూబు నీళ్ళతో కాస్తే ఏం లాభం.

ఇక రిజల్ట్ ఎలా కొలిచాం అన్నది. నీళ్ళు మారిస్తే మూత్రంలో ఫ్లోరైడ్ కొద్ది వారాల్లోనే దిగుతుంది, కాబట్టి దాతలకి ఏడాది చివర చూపించగలిగేది అదే. కేంద్రం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది, ఆ కార్యక్రమం కింద జిల్లాల్లో ఫ్లోరైడ్ కొలిచే అయాన్ మీటర్లు ఇచ్చారు, అలాంటి ల్యాబ్ ఉన్నచోట చేయించుకుంటే నమ్మకంగా ఉంటుంది. అసలు కొలత మాత్రం రెండు, మూడు తరగతుల పిల్లల పై ముందు పళ్ళు, పళ్ళ మీద ఫ్లోరోసిస్ ఎంత ముదిరిందో మెట్లుగా చెప్పే డీన్ ఇండెక్స్ ప్రకారం, చూసే డాక్టర్‌కి ఇది ఏ ఊరి పిల్లో చెప్పకుండా.

ఇక్కడ వలసలు లెక్కలోకి తీసుకోవాలి. ఈ వైపు జనం హైదరాబాద్, బెంగళూరు కట్టడం పనులకి, గుంటూరు వైపు మిరపకోతలకి పిల్లల్ని తీసుకుని పోతారు. పన్ను ఒక పాత పాస్‌బుక్ లాంటిది, ఏ వయసులో ఏ నీళ్ళు తాగారో ఎంట్రీ పడిపోయి ఉంటుంది. ముందు పళ్ళు తెల్లగా ఉండి వెనక పళ్ళు గోధుమరంగులో ఉన్న పిల్లాడు ఒకడొచ్చాడు, తల్లిని అడిగితే వాడికి మూడేళ్ళు నిండేదాకా హైదరాబాద్‌లోనే ఉన్నాం, తర్వాతే ఊరికొచ్చాం అంది. అందుకే మా ఫారంలో మొదటి ప్రశ్న పేరు తర్వాత, మూడేళ్ళ లోపు ఎక్కడెక్కడ ఉన్నారు అనేదే. ఈ ప్రశ్న లేకుండా చేసిన సర్వేలని నేను పెద్దగా నమ్మను.

వంట నీళ్ళు కూడా మారిన ఊళ్ళల్లో ఒకే ఇంట్లో అక్కాతమ్ముళ్ళని పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. తొమ్మిదో తరగతి అక్కకి గోధుమరంగు మచ్చలు, గుంటలు, రెండో తరగతి తమ్ముడికి గాలి తగిలి పన్ను ఆరితే గాని కనపడని సన్నటి తెల్ల గీతలు. తాగే నీళ్ళు మాత్రమే మారిన ఊళ్ళల్లో తేడా ఇంత స్పష్టంగా లేదు. ఇది పెద్ద స్టడీ కాదు, మా కొద్ది ఊళ్ళు, మా రిజిస్టర్, అంతవరకే చెప్తున్నా.

డబ్బు విషయం. సీఎస్ఆర్ రూల్స్ ప్రకారం కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ వరకే. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) మార్చాక విదేశీ విరాళంలో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 ఉండేది, ఊరూరా తిరిగి ట్యూబులు చూసే మనిషి జీతాన్ని ఆ ఇరవైలో ఎలా ఇరికించాలన్నది చిన్న ట్రస్టులకి నిజమైన తలనొప్పి. మా వాళ్ళు చేసిందేంటంటే పెద్ద డబ్బుని ప్లాంట్ రిపేర్లకి, పళ్ళ ట్రీట్‌మెంట్‌కి పెట్టి, పరీక్షలు చేసే ఇద్దరి జీతాలు మాత్రం ఈ ఊళ్ళ నుంచే బయటికెళ్ళి స్థిరపడినవాళ్ళు నెలనెలా పంపే చిన్న చందాల మీద నడిపారు. వాళ్ళకి ఏడేళ్ళు ఆగమని చెప్పక్కర్లేదు, వాళ్ళ నోట్లో పళ్ళే చెప్తాయి.

ఇప్పుడు జల్ జీవన్ మిషన్ ట్యాపులు వచ్చాయి, సాగర్ నీళ్ళు చెరువుల్లో నింపి ఇచ్చే ఊళ్ళున్నాయి, శ్రీశైలం నుంచి సుమారు 18.8 కిలోమీటర్ల సొరంగాలతో వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు ఈ పడమటి మండలాలకి పూర్తిగా అందితే కథే మారుతుంది. అంతవరకూ ఎండాకాలంలో ట్యాపు ఆగిన వారం రోజుల్లోనే జనం పాత బోరుకెళ్ళిపోతారు, అదీ తియ్యటి బోరుకే. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఎక్కడ నింపుకొస్తున్నారో చూసి ఆ నీళ్ళు కూడా పరీక్ష చేస్తున్నాం, ఎరుపు రంగు వెలిసిన పంపులకి మళ్ళీ వేయిస్తున్నాం. వంట క్యాన్లు మొదలుపెట్టిన రెండో విడత ఊళ్ళల్లో అప్పుడు పుట్టిన పిల్లలు ఈ జూన్‌లో రెండో తరగతికొస్తారు, బడులు తెరిచాక వాళ్ళ పళ్ళు చూసే పని ఉంది, పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి ఇద్దరు పళ్ళ డాక్టర్లు కావాలి, రాగలిగినవాళ్ళుంటే చెప్పండి.